పని నేర్పవలసినవారెవరు?

పనివారు దొరకుటలేదని యజమానులు వాపోవుచున్నారు. పని దొరకుటలేదని యువజనులు వాపోవుచున్నారు. ఒకే పట్టణమున, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో, ఈ రెండు మొరలును మన చెవిని బడుచున్నవి. ఒకటి నిజమైనచో రెండవది అబద్ధము కావలెనని తోచును గాని, విచారించి చూడగా రెండును నిజములే. యజమానికి కావలసినది పని చేతనైనవాడు. వీధిలో నిలిచియున్నది పట్టము చేతబట్టినవాడు. ఈ ఇరువురి నడుమనున్న అఖాతమును పూడ్చవలసిన వారెవరు? ప్రభుత్వమని యజమానులందురు. కళాశాలలని ప్రభుత్వమనును. పరిశ్రమలని కళాశాలలవారందురు. ఇట్లు ఒకరిపై నొకరు భారమును నెట్టుకొనుచుండగా, ఏటేట లక్షలకొలది బాలురును బాలికలును చదువు ముగించి వచ్చి ఆ అఖాతపు టంచున నిలుచుచున్నారు. ఈ భారమున వ్యాపారస్థుల పాలెంతయో నేడు విచారింపదలచితిమి.

ఇది మన దేశమునకు మాత్రమే పట్టిన పీడ కాదు. 2023లో ప్రపంచమున 15 మొదలు 24 ఏండ్ల వయస్సువారిలో పనికొరకు వెదకుచు పని లేకయున్నవారు సుమారు 6 కోట్ల 49 లక్షల మందియని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కవేసినది. చదువును, పనియును, శిక్షణయును లేక ఊరకయున్నవారు ఆ వయస్సులో ప్రతి అయిదుగురికి ఒకరు. అట్టివారిలో ప్రతి మువ్వురికి ఇద్దరు స్త్రీలు. మన దేశమును గూర్చి ఆ సంస్థయే ఢిల్లీలోని మానవాభివృద్ధి అధ్యయన సంస్థతో కలిసి 2024లో ప్రకటించిన నివేదిక మరింత విచిత్రమైన సంగతిని బయటపెట్టినది. 2022 నాటికి భారతదేశమందలి నిరుద్యోగులలో నూటికి 83 మంది యువజనులు. ఆ యువజనులలో చదువను వ్రాయను రానివారి నిరుద్యోగము నూటికి 3.4 వంతులు మాత్రమే. పట్టభద్రుల నిరుద్యోగము 29.1 వంతులు! చదువు పెరిగినకొలది పని దూరమగుచున్నదన్నమాట.

దీనికి కారణము లేకపోలేదు. చదువురాని బీదవానికి ఊరక కూర్చుండు భాగ్యము లేదు. ఏ పని దొరకిన ఆ పని చేసి, ఎంత కూలి వచ్చిన అంత పుచ్చుకొని, నాటి పొయ్యి నాడు వెలిగించుకొనవలెను. అతని పేరు నిరుద్యోగుల పట్టికలో కనబడకపోవుట అతని సుఖమునకు గుర్తు కాదు. చదివినవాడు కాచుకొనియుండును. ఎకరమో అరయెకరమో అమ్మి చదివించిన తండ్రి ఇంకొక రెండేండ్లు పోషించును. ఉపాధ్యాయ నియామక పరీక్షకు సిద్ధమగువారితో కృష్ణాజిల్లా అవనిగడ్డయు, గ్రూపు పరీక్షలకు సిద్ధమగువారితో హైదరాబాదు అశోక్‌నగరమును నిండియుండుట పాఠకు లెరిగినదే. ఆ ఇరుకు గదులలో దీపముక్రింద కూర్చున్న యువకుని మేము పరిహసింపము. వాని ఓపిక గొప్పది. కాని పదివేల మంది పరీక్షకు కూర్చున్నను వంద కొలువులు నూటయొకటి కావు. మిగిలినవారు ముప్పదియేండ్లు నిండిన పిమ్మట, అనుభవమును లేక వయస్సును మీరి, ప్రైవేటు యజమాని గుమ్మము త్రొక్కవలసి వచ్చుచున్నది. అప్పుడా యజమాని వేయు మొదటి ప్రశ్న యేమి? "నీకు అనుభవమున్నదా?"

ఈ ప్రశ్నను గూర్చియే మేము యజమానులతో ముచ్చటింపగోరుచున్నాము. మన పాఠకులలో అనేకులు భూవసతి గలవారు. వారికి తెలిసిన ఉపమానమునే చెప్పెదము. ఊరిలోని రైతులందరును నారు పోయుట మానివేసి, నాట్లవేళకు పొరుగువాని మడినుండి నారు తెచ్చుకొందమని కూర్చుండిరనుకొనుడు. ఆ యేడు ఆ ఊరి గతియేమి? పొలములు దున్నియుండును, నీరు పారుచుండును, కూలీలు సిద్ధముగ నుందురు, నాటుటకు నారుండదు. మన పరిశ్రమలలోను, వర్తకములోను నేడు జరుగుచున్నది సరిగా ఇదియే. ప్రతి యజమానియు రెండేండ్ల అనుభవము గలవానినే కోరుచున్నాడు. ఆ మొదటి రెండేండ్ల అనుభవమును వానికి పెట్టువారెవరని మాత్రము ఎవ్వరును ఆలోచించుటలేదు. అందరికిని నారు కావలెను. నారుమడి ఎవరికిని అక్కరలేదు.

కళాశాలలు ఈ పని చేయవలదా యని కొందరడుగుదురు. చేయవలసినది చాల గలదు. అవి చేయుచున్నది చాలదు. ఇందు మాకు సందేహము లేదు. కాని గట్టున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. రైసుమిల్లులో సార్టెక్స్ మిషను ఏ ధాన్యమునకు ఎట్లు సరిచేయవలెనో, మిరపకాయల శీతల గిడ్డంగిలో కంప్రెసరు మొరాయించిన రాత్రి ఏమి చేయవలెనో, భీమవరపు ప్రాంతమున రొయ్యలను శుభ్రపరచి గడ్డకట్టించునపుడు ఎంత శైత్యము నిలుపవలెనో, ఆసుపత్రి ప్రయోగశాలలో ఒక నమూనా మరియొక నమూనాతో కలియకుండ ఎట్లు కాపాడవలెనో పుస్తకము కొంత చెప్పగలదు. చేయి మాత్రము అచ్చటనే తిరుగవలెను. అంతేకాదు. వేళకు వచ్చుట, పైవానితో మాటలాడు తీరు, కొన్నవానికి ఓర్పుతో సమాధానము చెప్పుట, తప్పు జరిగినప్పుడు దాచక చెప్పుట, ఇవి పనిచేయు చోటనే అలవడు గుణములు. ఆ చోటు యజమాని చేతిలో నున్నది గాని ఆచార్యుని చేతిలో లేదు. కావుననే నేర్పు బాధ్యతలో పెద్దపాలు యజమానిదని మేము వాదించుచున్నాము.

ఈ సంగతి మన శాసనకర్తలకు తెలియనిది కాదు. అప్రెంటిసుల చట్టము 1961లోనే పుట్టినది. 2014లో దానిని సవరించి, యజమానులు భయపడుచుండిన కారాగారశిక్షను తొలగించి జరిమానాలను మాత్రమే నిలిపిరి. 2016లో కేంద్రప్రభుత్వము అప్రెంటిసుల భృతిలో నాలుగవ వంతును, నెలకు 1500 రూపాయలకు మించకుండ, తాను భరించు పథకము పెట్టినది; 2023 నుండి ఆ భాగమును శిక్షార్థి బ్యాంకు ఖాతాలోనికే పంపు ఏర్పాటు చేసినది. 2019లో మార్చిన నియమముల ప్రకారము 30 మందికి తక్కువగాక పనివారున్న ప్రతి సంస్థయు, ఒప్పందపు కూలీలను గూడ కలుపుకొని, తన పనివారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు 15 వరకు అప్రెంటిసులను తీసికొనవలెను. నలుగురు మొదలు 29 మంది వరకున్న చిన్న సంస్థలు ఇచ్ఛానుసారము తీసికొనవచ్చును. శాసనము కలదు, ధనసహాయము కలదు, దారి తెరచియున్నది. కాని ఎందరు యజమానులకు ఈ సంగతి తెలియును? తెలిసినవారిలో ఎందరు దీనిని తమ లాభమునకు వచ్చిన అవకాశముగా నెంచిరి? పెక్కురికి ఇది తనిఖీవేళ చూపవలసిన మరియొక కాగితముగానే తోచుచున్నది.

పరదేశముల అనుభవము ఈ విషయమున మనకు పాఠము చెప్పగలదు. జర్మనీలో 1969 నాటి వృత్తిశిక్షణ శాసనము క్రింద యువకుడు వారములో మూడు నాలుగు దినములు కర్మాగారమునందో దుకాణమునందో పని నేర్చును. మిగిలిన దినములు వృత్తి పాఠశాలకు పోవును. రెండు మొదలు మూడున్నర యేండ్లు ఇట్లు గడచిన పిమ్మట వానిని పరీక్షించి పత్రమిచ్చునది వర్తక పరిశ్రమల మండలియే. కాని జర్మనీ ధనికదేశము. వారి మాట మనకెందులకని ఎవరైన అనవచ్చును. అట్లయిన బ్రెజిలును చూడుడు. అదియు మనవలెనే బీదసాదలతో నిండి, అంతరములతో సతమతమగుచున్న దేశము. అచ్చట 1942లో సెనాయి అను పారిశ్రామిక శిక్షణసంస్థ పుట్టినది. దానిని నడుపువారు ప్రభుత్వోద్యోగులు కారు, పారిశ్రామికుల సమాఖ్యయే. దానికి వ్యయము పరిశ్రమలే భరించుచున్నవి. తాము చెల్లించు జీతముల మొత్తముపై నూటికి ఒక రూపాయి చొప్పున ఇచ్చుచున్నవి. తరువాత 2000లో ఆ దేశము మరియొక శాసనము చేసి, మధ్యరకపు సంస్థలును పెద్ద సంస్థలును, శిక్షణ అవసరమైన పనులలోనున్న వారి సంఖ్యలో నూటికి 5 మొదలు 15 వరకు యువ శిక్షార్థులను తీసికొనవలెనని విధించినది. సెనాయిలో లేతుపని నేర్చిన లూలా అను ఒక పేదయింటి బాలుడు కర్మాగారములలో పనిచేసి, కార్మికనాయకుడై, 2003లోను మరల 2023లోను ఆ దేశపు అధ్యక్షపదవిని స్వీకరించెను. పని నేర్పిన చోటు మనుష్యుని చిన్నచేయదనుటకు ఇంతకు మించిన తార్కాణము అక్కరలేదు.

పరదేశముల మాట యెందులకు? మన తెలుగునాడే ఈ సత్యమును నూరేండ్లకు పూర్వము గుర్తించినది. 1910లో బందరున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారలు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినపుడు, చదువుతోపాటు చేతిపనియు ఉండవలెననియే తలచిరి. దాతలు చందాలిచ్చి దానిని నిలిపిరి. 1937లో వార్ధాలో గాంధీ మహాత్ముడు దేశము ముందుంచిన విద్యావిధానమునకును చేతిపనియే ఇరుసు. స్వరాజ్యము వచ్చిన పిమ్మట మనము కళాశాలలను వేలకొలది కట్టితిమి. చేతిపనిని మాత్రము గుమ్మము వెలుపల నిలిపితిమి. ఆ తప్పునకు ఫలమును నేడు మన బిడ్డలు అనుభవించుచున్నారు.

ఇక యజమానులు చెప్పు అభ్యంతరములను న్యాయముగ విచారింతము. మొదటిది: "మేము కష్టపడి నేర్పినవానిని పొరుగువాడు నూరు రూపాయలు హెచ్చుపెట్టి ఎత్తుకొనిపోవును." ఇది కల్ల కాదు. కాని దీనికి విరుగుడు నేర్పుట మానుట కాదు, అందరును నేర్పుట. బ్రెజిలులో నేర్పినవాడును చెల్లించును, నేర్పనివాడును చెల్లించును. కనుక పొరుగువాని నారుతో నాటుకొనువానికి లాభము లేదు. మనదేశమున అట్టి శాసనము వచ్చువరకు కాచియుండనక్కరలేదు. ఒక పట్టణములోని రైసుమిల్లుల యజమానులో, ముద్రాపకులో, ఆసుపత్రులవారో ఒక సంఘముగ చేరి, తలా కొంత వేసికొని, ఏటికి ఇందరికి నేర్పుదమని కట్టుబడినచో, నేర్చినవాడు ఎవరి గుమ్మమునకు పోయినను సంఘమునకు నష్టము లేదు. వాడు ఆ ఊరి వాడే. ఆ పనిలోనే యుండును.

రెండవ అభ్యంతరము: "నేర్చుకొనువాడు మొదటి నెలలలో సరకు పాడుచేయును, మాకు వ్యయము." నిజమే. నాటిన కొబ్బరిమొక్క మొదటి ఏడే కాయదు. తెలియని క్రొత్తవానిని తెచ్చి, ఆరునెలలకు వాడు మానిపోగా మరియొకనిని వెదకి, వానికిని మొదటినుండి చెప్పుకొనుట యందలి వ్యయమును ఏ వ్యాపారస్థుడైన తన చిట్టాలో వ్రాసికొన్నాడా? వ్రాసికొన్నచో ఏది చౌకయో తేలును. మూడవది: "ఇది ప్రభుత్వము చేయవలసిన పని." ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను, చేయనిచో మేము ఊరకుండము. కాని రోడ్డు వేయని ప్రభుత్వమును నిందించుచునే రైతు తన బండికి ఇరుసు తానే వేయించుకొనుచున్నాడు గదా!

యజమానులకు ఇంత చెప్పినపిమ్మట ఒక హెచ్చరికయు చేయక తప్పదు. అప్రెంటిసు అను పేరు పెట్టి చౌక కూలీని తెచ్చుకొనువారును లేకపోలేదు. మూటలు మోయించి, నేల ఊడిపించి, ఏడాది నిండగనే ఆ బాలుని పంపివైచి, వాని చోట మరియొకనిని నిలుపుదురు. ఇది నేర్పుట కాదు, దోచుట. పనివాని కూలిని తగ్గించుటకై పిల్లవానిని అడ్డుపెట్టుట అంతకంటె నీచము. శిక్షణయనునది శిక్షణ కావలెనన్న కొన్ని నియమములు తప్పవు. ఏ నెలలో ఏ పని నేర్పుదురో ముందుగ వ్రాసియుండవలెను. నేర్పు మేస్త్రీ యెవరో పేరు చెప్పవలెను. ఆ మేస్త్రీకి నేర్పినందుకు కొంత హెచ్చు ముట్టవలెను. లేనిచో తన పనిని పిల్లవాడు లాగుకొనునన్న భయమున అతడు గుట్టు విప్పడు. భృతి నెలనెల చేతికందవలెను. తుదకు బయటివారు పరీక్షించి, ఏ ఊరిలోనైన చెల్లుబడియగు పత్రమీయవలెను. నేర్చినవారిలో కొందరినైన ఆ సంస్థయే కొలువునకు తీసికొనవలెను.

పత్రము మాట వచ్చినది గనుక మరియొక సంగతి. విజయవాడ ఆటోనగరమునకు పోయి చూడుడు. లారీ బాడీలు కట్టువారు, ఇంజనులు విప్పి బిగించువారు, సీట్లు కుట్టువారు, రంగులు వేయువారు, పెక్కుమంది ఏ పాఠశాలలోను ఆ పని నేర్వలేదు. మేస్త్రీ చేతిక్రింద చిన్నతనముననే నేర్చిరి. మన దేశమున అనాదిగా వచ్చుచున్న నారుమడి అదియే. కాని వారికి పత్రము లేదు. పత్రము లేనందున పెద్ద సంస్థల గుమ్మము వారికి మూసియున్నది, బ్యాంకు అప్పు దొరకుట కష్టమగుచున్నది. ఇదివరకే వచ్చిన పనిని పరీక్షించి పత్రమిచ్చు విధానము 2015లో ప్రారంభమైన కేంద్ర నైపుణ్య పథకమున చేరినది. ఆటోనగరము వంటి చోట్ల వర్తక సంఘములు పూనుకొని తమ పనివారందరికిని ఆ పత్రములిప్పించినచో, వారికి ఖర్చు స్వల్పము, పనివానికి ఫలము జీవితకాలపుది. అట్లే క్రొత్తగా పని నేర్చు బాలురు బడియీడు దాటినవారే యగునట్లు చూచుటయు ఆ సంఘముల ధర్మము.

పెద్ద కంపెనీలకు వేరొక బాధ్యత కలదు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము నిర్ణీత పరిమితిని మించిన కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకై వినియోగింపవలెను. వృత్తి నైపుణ్యము పెంచుట అందులో చేరియున్నది. 2024 జూలైలో కేంద్రప్రభుత్వము అయిదేండ్లలో కోటిమంది యువజనులకు 500 పెద్ద కంపెనీలలో పని చూపింతుమని ప్రకటించినది. నెలకు 5000 రూపాయల భృతిలో 4500 ప్రభుత్వము, 500 కంపెనీ ఇచ్చునట్లు ఏర్పాటు. సంకల్పము మంచిదే. కాని శ్రీకాకుళపు బాలుడో ఆదిలాబాదు బాలికయో దూరనగరమునకు పోయి ఆ 5000తో గది అద్దెయు, కూడును ఎట్లు గడుపుకొనగలరు? కంపెనీలు తమ భాగమును 500 వద్ద ఆపివేయక, వసతిగృహమును, ఒకపూట భోజనమును ఇచ్చినచో పథకము నిలుచును. లేనిచో అది నగరములలో ఇండ్లున్నవారికే చెందును.

యువతుల విషయమున ఇది మరింత నిజము. చదివిన ఆడపిల్ల పనికి పోకుండుటకు కారణము ఆమెకు మనసు లేకపోవుట కాదు. పని ముగిసిన పిమ్మట ఇల్లు చేర్చు బస్సు లేకపోవుట, భయము లేని వసతి లేకపోవుట. శ్రీసిటీలో సెల్‌ఫోనులు కూర్చు కర్మాగారమునకు పల్లెల యువతులు వేలకొలది పనికి వచ్చిరి. వాహనమును, వసతియును చూపిన చోట తల్లిదండ్రులు వెనుకాడరు.

మరియొక మాట. కొలువులలో అధికభాగమును పుట్టించునది పెద్ద కంపెనీ కాదు, చిన్న కార్ఖానా. దానికి సరకు డబ్బు సకాలమున చేరకపోయిన క్రొత్తవానిని చేర్చుకొనుట అటుండగా ఉన్నవానికే జీతమీయజాలదు. చిన్న పరిశ్రమలకు 45 దినములలోపల చెల్లింపవలెనని 2006 నాటి శాసనము చెప్పుచున్నది. పెద్ద వ్యాపారి తాను కొన్న సరకునకు గడువులోపల డబ్బు చెల్లించుటయు నిరుద్యోగ నివారణమేయని గ్రహింపవలెను. శిక్షణ యొక్కటే సర్వరోగనివారిణి కాదు. వ్యాపారము పెరిగి క్రొత్త కొలువులు పుట్టనిచో నేర్చినవాడును వీధినే నిలుచును. కాని కొలువు పుట్టిన నాడు దానికి తగినవాడు సిద్ధముగ లేకున్న, ఆ కొలువు పరాయి ఊరికి పోవును.

తుదకు తల్లిదండ్రులకును ఒక మనవి. మీ కుమారుడు నూనె మరకల బట్టలతో ఇంటికి వచ్చిన నాడు సిగ్గుపడకుడు. ప్రభుత్వపు కొలువు మంచిదే. దానికై ఒకటి రెండేండ్లు యత్నించుటయు తప్పు కాదు. కాని పదేండ్లు కాచియుండుట కంటె, కాచుచునే ఒక పని నేర్చుకొనుట మేలని మీరే వానికి చెప్పవలెను. వ్యాపారస్థుడు గుమ్మము తెరచినను, ఇంటివారు గడప దాటనీయనిచో లాభము లేదు.

మన పాఠకులలో మిల్లులున్నవారు, గిడ్డంగులున్నవారు, ముద్రాలయములు, ఆసుపత్రులు, దుకాణములు నడుపువారు కలరు. వారందరిని మేము కోటి కొలువులడుగుటలేదు. ఈ యేడు మీ పనిలో మీ ఊరివారినే ఒకరినో ఇద్దరినో చేర్చుకొనుడు. ఏమి నేర్పుదురో కాగితముపై వ్రాయుడు. నెలనెల భృతి యిచ్చి, ఏడాది పిమ్మట పరీక్షింపించి పత్రమిప్పింపుడు. మీ సంఘపు తదుపరి సమావేశమున ఈ సంగతిని చర్చకు పెట్టుడు. వచ్చిన యువకుని "నీకు అనుభవమున్నదా?" యని యడుగుటకు ముందు, "ఇంతవరకు నేనెవరికైన అనుభవమిచ్చితినా?" యని ఒక్కమారు మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. నారు పోయనివాడు నాట్లవేళ పొరుగువానిని తిట్టుట న్యాయము కాదు.